ఆపరేషన్ అయ్యాక అడిగే దిక్కేదీ?

బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చినవాళ్ల మంచిచెడ్డలు చూసే ఏర్పాటు మన తిరుపతిలో నాకైతే ఎక్కడా కనబడలేదు. హోర్డింగుల మీద సన్నబడ్డ నడుములే తప్ప, జీవితాంతం మింగాల్సిన విటమిన్, ఐరన్, కాల్షియం మాత్రల ఊసుండదు. మా వదినకు రెండేళ్ల కిందట, కడుపును చిన్నది చేసి నేరుగా పేగుకు కలిపే బైపాస్ పద్ధతిలో చేశారు. డిశ్చార్జి రోజున చేతిలో పెట్టింది ఒక ఇంగ్లిషు కాగితం. నిమ్మకాయంత సంగటి తింటేనే కడుపు నిండిపోయేది. ఒకరోజు కొండ మీద నుంచి ఎవరో తెచ్చిన లడ్డు సగం తిన్నదో లేదో, పావుగంటలో చెమటలు, గుండెదడ. తీపి ఒక్కసారిగా పేగులోకి దిగితే అలా అవుతుందట; అది తెలియక మేం దిష్టి తీశాం! ఏడాది తిరిగాక, బాగానే ఉన్నా కదా అని మాత్రలు మానేసింది. అరికాళ్లు తిమ్మిరెక్కితే షుగరేమో అనుకున్నాం, పరీక్షలో విటమిన్ బి12 లోపమని తేలింది. రుయా ప్రభుత్వాసుపత్రిలో వారానికో పూట వీళ్లకోసం ఓపీ పెట్టి, డైటీషియన్‌ను కూర్చోబెట్టి, బి12, ఐరన్, విటమిన్ డి పరీక్షలు చేయించాలి. ఆపరేషన్ చేసే ప్రతి ఆసుపత్రీ తెలుగులో కార్డు ఇచ్చి, కనీసం ఏడాదికోసారైనా ఫోన్ చేసి పిలిచేలా జిల్లా వైద్యాధికారులు ఆదేశించాలి. ఆపరేషన్ అయ్యాక 12 నుంచి 18 నెలల దాకా గర్భం వద్దన్న మాట ఆ కార్డు మీద పెద్దక్షరాల్లో ఉండాలి, అత్తగార్లకూ కనబడేలా.

– ఒక పాఠకురాలు, తిరుపతి