మొదటి రోజును పిల్లలకు వదిలేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఏటా బడులు తెరిచిన మర్నాడు పత్రికల్లో ఒక ఫొటో తప్పకుండా వస్తుంది. వీపున కొత్త సంచి, గేటు పట్టుకుని గుక్కపెట్టి ఏడుస్తున్న పసివాడు, రెక్క పట్టి లాగుతున్న తల్లి. కింద ‘నేను బడికి పోనంటే పోను’ అని ఒక చమత్కారం. చదివేవాళ్లు నవ్వుకుంటారు. గేటు లోపల నిలబడి ఆ బిడ్డను ఎత్తుకోవాల్సింది నేను కాబట్టి నాకు నవ్వు రాదు. బడులు తెరిచే జూన్ 12న బడి లోపల ఏం జరుగుతుందో, ఏం జరిగితే బాగుంటుందో ఎవరూ రాయడం లేదని ఈ ఉత్తరం.

నేను నల్గొండ జిల్లా దేవరకొండ వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీని, అంటే చిన్న తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్ని. ఐదు తరగతులు, ఇద్దరు టీచర్లం. విద్యాహక్కు చట్టం లెక్కన 60 మంది పిల్లల వరకు ఇద్దరే, కాబట్టి ఆ సంగతిలో ఎవరినీ తప్పుపట్టలేను. పిల్లల్లో ఎక్కువమంది తండా నుంచి వస్తారు. ఇంట్లో మాట్లాడేది లంబాడీ. అమ్మానాన్నలు హైదరాబాద్‌లో బిల్డింగుల పనికి పోతే తాత దగ్గరో అవ్వ దగ్గరో ఉండి చదువుకునేవాళ్లు చాలామంది.

మొదటి రోజు ప్రార్థన కాకముందే ఫోన్లు మొదలవుతాయి. పుస్తకాలు ఎన్ని వచ్చాయి, ఎన్ని పంచారు? యూనిఫాం ఎన్ని జతలు? పిల్లల్ని బడిలో చేర్పించే బడిబాట కార్యక్రమం ర్యాలీ ఫొటో గ్రూపులో పెట్టారా? కొత్తగా చేరినవాళ్లను ఆన్‌లైన్‌లో ఎక్కించారా, ఆధార్‌లో పేరు సరిపోయిందా? మా హెచ్‌ఎం సార్ సిగ్నల్ కోసం ఫోన్ పట్టుకుని వేపచెట్టు కిందికి పోతే పది దాటినా రాడు. ఐదు తరగతులూ నా మీద పడతాయి. ఇంతలో పుస్తకాల పంపిణీకి పెద్దలు వస్తున్నారని కబురు. వాళ్లు వచ్చేదాకా పిల్లల్ని వరుసలో కూర్చోబెట్టాలి, వచ్చాక చప్పట్లు కొట్టించాలి. ఒకటో తరగతిలో చేరిన బిడ్డ సాయంత్రం ఇంటికి పోయి చెప్పుకోవడానికి ఇంకేం మిగులుతుంది?

వీటి మధ్యలోనే నాకు చేతనైనట్టు కొన్ని చేసుకుంటాను. ఈమధ్య డీఎస్సీలో వచ్చిన చిన్న టీచర్లు అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నాను. పాఠ్యప్రణాళిక రాయడం శిక్షణలో నేర్పిస్తారు గానీ ఇవి నేర్పరు.

బడి తెరిచే ముందు అంగన్‌వాడీ టీచర్ దగ్గర కాసేపు కూర్చుంటాను. కాగితాల కోసం కాదు. ఎవరిని ఇంట్లో ఏమని పిలుస్తారు, ఎవరు ఎవరి పక్కన కూర్చుంటే ఊరుకుంటారు, ఎవరికి ఫిట్స్ వస్తాయి, ఎవరి తల్లి కొత్తగా పనికి పోయింది, ఇవీ నాకు కావలసినవి. రిజిస్టర్‌లో ఉండేది ఆధార్ కార్డు పేరు. ఆ పేరుతో పిలిస్తే పిల్ల తనను కాదన్నట్టు పక్కకు చూస్తుంది. ఇంట్లో చిట్టి అయితే నాకూ దసరా దాకా చిట్టే.

తర్వాత ఐదో తరగతిలో అల్లరికి పేరుపడ్డవాళ్లను పిలిచి ఒక్కొక్కరికి ఒక చిన్నపిల్లను అప్పజెబుతాను. ఫస్టు వచ్చేవాళ్లకు ఈ పని ఇవ్వను. వాళ్ల కళ్లు టీచర్ చూస్తోందా లేదా అన్నదాని మీదే ఉంటాయి. అల్లరివాళ్లకు బడిలో ప్రతి మూలా తెలుసు. నీళ్లు ఎక్కడ, బాత్రూం ఎక్కడ, ఆడపిల్లలది ఏది, లోపలి గొళ్లెం ఎలా తీయాలి, అన్నీ లంబాడీలోనే చెప్పి, చేయించి చూపిస్తారు. గొళ్లెం సంగతి చిన్నదనుకోకండి. చేరిన వారానికే రానని మొండికేసిన పిల్లల ఇళ్లకు పోయి ఆరా తీస్తే, నేను చూసినంతలో ఎక్కువసార్లు బయటపడింది ఇదే. తలుపు తీయడం రాక బట్టలు తడుపుకున్నారు, పక్కవాళ్లు నవ్వారు.

మొదటి పూట నా తెలుగు కూడా తగ్గించుకుంటాను. యాడి (అమ్మ) ఎటు పోయింది, పాణీ (నీళ్లు) కావాలా అని వాళ్ల మాట సగం, నా మాట సగం. నా లంబాడీ విని పెద్దపిల్లలు పగలబడి నవ్వుతారు. నవ్వనీ. మేడంకు రానిది తమకు వచ్చని తెలిస్తే మంచిదే. రేపటి నుంచి వాళ్ల చేతికొచ్చే పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. రెండూ వాళ్ల ఇంటి మాట కాదు.

రెండు నుంచి ఐదు దాకా పిల్లల స్థాయి తెలుసుకోవడానికి మొదట్లోనే పరీక్ష పెట్టమంటారు. పెడతాను, కానీ మొదటి రోజు పెట్టను. ఎండాకాలం ఎక్కడున్నారో చెప్పమంటాను. అమ్మానాన్నల దగ్గరికి హైదరాబాద్ పోయి సైటులో ఉండి వచ్చినవాళ్ల కబుర్లకు అంతుండదు. సిమెంట్ బస్తా 50 కిలోలని, నాన్న ఒక్కడే రెండు మోస్తాడని మూడో తరగతి పిల్లవాడు చెబితే, అయితే మొత్తం ఎంత అని అడిగా. వంద అన్నాడు. నిరుడు వీడికి కూడికలు రావని రికార్డులో రాసి ఉంది. ఎవరికి ఎంత తెలుగు వచ్చు, ఎవరు హిందీ నేర్చుకొచ్చారు, ఎవరు అసలు నోరు విప్పలేదు, ఇదంతా ఆ గంటలో తెలిసిపోతుంది. నోరు విప్పని పిల్ల పేరు నా నోట్‌బుక్‌లో మొదట రాసుకుంటాను.

ఇక కర్ర. మొదటి రోజు కనీసం ఇద్దరు ముగ్గురు తాతలు పిల్లవాణ్ని అప్పగిస్తూ, “తోలు మీది, బొక్కలు మావి మేడం. రెండు తగిలియ్యుండ్రి, భయముండాలె” అంటారు, అదీ పిల్లవాడు వింటుండగా. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ మనసు నొప్పించడాన్నీ నిషేధించిందని తాతకు ఉపన్యాసం ఇవ్వను. “మా బడిలో కర్ర లేదు తాతా, కావాలంటే వెతుక్కో” అని పిల్లవాడి ముందే అంటాను. తాతలు పెదవి విరుస్తారు. పిల్లవాడు మాత్రం మధ్యాహ్నం దాకా తలుపు వెనకా బీరువా పక్కనా నిజంగానే వెతుకుతాడు.

బడిబాటలో సామూహిక అక్షరాభ్యాసం మంచి కార్యక్రమం. తల్లులకు ఎంతో ఇష్టం, నాకూ ఇష్టమే. కాకపోతే అది చేరిన రోజే పెట్టొద్దంటాను. ఎవరో తెలియని మనిషి చేయి గట్టిగా పట్టుకుని బియ్యంలో రాయిస్తుంటే, పదిమంది ఫోన్లు ఎత్తి ఫొటోలు తీస్తుంటే, ఆ వేళ్లు బిగుసుకుపోతాయి. నాలుగు రోజులు ఆగితే అదే చేయి తనంతట తానే చాచుతుంది. అప్పటిదాకా పలకా బలపం వాళ్లకే వదిలేస్తే సరి, ఏం గీసినా గీతే.

ఒకటో తరగతిలో మొదటి మూడు నెలలు ఆటపాటలతో నడపాలని జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎన్‌సీఈఆర్‌టీ) 2021లోనే విద్యాప్రవేశ్ పేరుతో ఒక పద్ధతి తయారుచేసింది. అందులో తప్పుపట్టేది ఏమీ లేదు. అది నడవాలంటే ఒక టీచర్ ఆ పిల్లల దగ్గర కూర్చోవాలి, అంతే. మొదటి రోజు నుంచే ఆ టీచర్ ఫోన్‌లో తలదూర్చుకుని ఉంటే ఎవరు నడుపుతారు?

అందుకని విద్యాశాఖ వారికి మీ పత్రిక ద్వారా నా విన్నపం. బడి తెరిచిన మొదటి వారం హాజరు, భోజనం లెక్క తప్ప మరే వివరమూ అడగొద్దు. పుస్తకాలు, యూనిఫాం రాగానే మేమే పంచేస్తాం. సభ, ఫొటోలు, పెద్దల మాటలు రెండో వారంలో ఒక శనివారం పెట్టుకుందాం. ఆధార్ లేదనో, పేరు కలవలేదనో కొత్త పిల్లను ఆఫీసు గది ముందు నిలబెట్టొద్దని హెచ్‌ఎంలందరికీ ఒక్క లైను రాసి పంపండి. వయసు రుజువు లేదని చేర్చుకోకుండా ఉండకూడదని చట్టం 14వ సెక్షనే చెబుతోంది.

చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే కాంప్లెక్స్ సమావేశంలో ఈ మాట అంటే, మంచిదే గానీ పైనుంచి రావాలి కదా మేడం అన్నారు. పైనున్నవాళ్లు పత్రిక చదువుతారని రాస్తున్నాను.

ప్రభుత్వ ఉద్యోగిని కాబట్టి నా పేరు వేయవద్దని మనవి.

– ఒక ఎస్జీటీ, నల్గొండ జిల్లా