అంగడి రోజున పళ్ల డాక్టర్ ఉండాలి

సంపాదకులు గారికి,

నీట్ కౌన్సెలింగ్ మొదలైందంటే చాలు, బీడీఎస్ (దంతవైద్య డిగ్రీ) సీటు వచ్చిన పిల్లలు ‘ఇది చదివి మా ఊళ్లో ఏం చేస్తాం’ అని అడుగుతుంటారు. ములుగు, ఏటూరునాగారం, కొత్తగూడ వైపు పనిచేయాలని నిజంగా కోరిక ఉన్నవాళ్లకు దారి చెప్పేవాళ్లు తక్కువ. జిల్లా పేజీల్లో ఉచిత దంత శిబిరాల ఫొటోలు చూసి సేవంటే అదేననుకుంటారు. పళ్ల డాక్టర్లుగా మాకు తెలిసిన సంగతులు కొన్ని, చివర ప్రభుత్వానికి ఒక సూచన రాస్తున్నాం.

ఇంటర్‌లో బైపీసీ, తెలుగులోనూ రాయగలిగే నీట్, వరంగల్‌లోనే ఉన్న కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్, నాలుగేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్, రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్. ఇంతవరకు అందరికీ తెలిసిందే. ఆ ఇంటర్న్‌షిప్ పన్నెండు నెలల్లో మూడు నెలలు కమ్యూనిటీ డెంటిస్ట్రీకి (జనంలోకి వెళ్లి చేసే దంతవైద్యానికి), గ్రామీణ సేవలకు కేటాయించారన్న సంగతిని మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. చాలామందికి అవి పీజీ ప్రవేశపరీక్షకు చదువుకునే రోజులు. ఏజెన్సీకి పోదామనుకునేవాళ్లు మాత్రం పని నేర్చుకోవాల్సింది అక్కడే.

ముందు నేర్వాల్సింది నొప్పి లేకుండా పన్ను తీయడం. మొదటి పేషెంటు అరిస్తే బయట బల్లమీద కూర్చున్నవాళ్లలో సగం మంది లేచిపోతారు. కింది దవడ పళ్లకు మత్తు పారకపోవడానికి సూది సరైన చోటికి చేరకపోవడం ఒక కారణం. చీము పట్టిన చోట ఆమ్లగుణం పెరిగి మందు పనితనం తగ్గడం ఇంకో కారణం. సూది ఇచ్చాక ఐదు నిమిషాలు ఆగి, పెదవి మొద్దుబారిందా అని అడిగి, చిగురును ప్రోబ్‌తో (సన్నటి మొన ఉన్న పరికరంతో) తాకి చూశాకే పటకారు పట్టాలి. 2 శాతం లిగ్నోకైన్ మత్తుమందులో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. అడ్రినలిన్ కలపని మందైతే కిలో బరువుకు 4.4 మిల్లీగ్రాములు దాటకూడదు. అంటే 15 కిలోల పిల్లకు మూడు మిల్లీలీటర్లకు కాస్త ఎక్కువ, అంతే. పెద్ద సీసాలోంచి సిరంజితో తీసుకుంటూ పోతే లెక్క తప్పుతుంది. ఎంత ఇచ్చామో చీటీ మీద రాసుకుంటూ ఉండాలి.

సూదికి ముందే బీపీ, షుగర్ చూడాలి. బీపీ 180/110 ఉంటే ఆ రోజు పన్ను తీయొద్దు. పొద్దున్నుంచి ఏమైనా తిన్నారా అని అడగాలి. ఖాళీ కడుపుతో నడిచొచ్చినవాళ్లు కుర్చీలోనే కళ్లు తిరిగి పడతారు. కోయ, గోండు గూడేల్లో సికిల్‌సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగే పుట్టు జబ్బు) పరీక్ష కార్డు ఉందా అని తప్పక అడగాలి. ఆ జబ్బున్నవాళ్లకు పంటి చీము, ఒంట్లో నీరు తగ్గడం రెండూ ఒళ్లంతా నొప్పుల దాడికి దారి తీయొచ్చు.

రెండోది డ్రిల్లు లేకుండా పిప్పి పన్ను నింపడం. కరెంటు, కంప్రెసర్ అక్కర్లేదు. బడి వరండాలో బల్లమీద పడుకోబెట్టి చేయొచ్చు. చిన్న చెంచాలాంటి పరికరంతో మెత్తబడిన భాగాన్ని గోకి, సిమెంటు అంటుకునేలా పన్నును సిద్ధం చేసే కండిషనర్ ద్రవం పది పదిహేను సెకన్లు రాసి, తడి దూదితో తుడిచి, పొడి దూదితో ఆరబెట్టి, టైప్ 9 గ్లాస్ అయానమర్ అనే పంటి సిమెంటు నింపి, వేలికి వాజలీన్ రాసుకుని గట్టిగా నొక్కాలి. గంటసేపు తినొద్దు. వినడానికి తేలిక, ఊడిపోయేవీ ఎక్కువే. గుంత నడుమ శుభ్రం చేసి అంచు కింద పుచ్చు వదిలేయడం, ఉమ్ము తగలనివ్వడం, సిమెంటు పొడి సీసా మూత తీసి పెట్టడంతో చెమ్మ పట్టడం, ఇవీ కారణాలు. మన మే నెల ఎండల్లో సిమెంటు కలుపుతుండగానే బిగుస్తుంది. మెరుపు పోయిన ముద్ద పన్నుకు అంటదు, పారేసి మళ్లీ కలపాలి. అందుకే గాజు పలకను ముందే చల్లబరిచి పొడిగా తుడుచుకోవాలి. రాత్రిళ్లు నొప్పికి నిద్ర పట్టని పన్నును ఇలా నింపకూడదు. నరం దాకా పోయిన పుచ్చును మూసేస్తే లోపల చీము పడుతుంది.

ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరునీళ్లు తాగిన ఊళ్లలో పంటిమీద తెల్లటి, గోధుమరంగు మచ్చలు కనిపిస్తాయి. అది పుచ్చు కాదు, ఫ్లోరైడ్ మచ్చ, గోకొద్దు.

ఇక పరికరాల శుద్ధి. నీళ్లలో మరిగిస్తే సరిపోదు, కొన్ని క్రిములు అందులోనూ బతుకుతాయి. గుడ్డలో చుట్టిన మూటలకు 121 డిగ్రీలు, 15 పౌండ్ల ఒత్తిడిలో అరగంట ఆటోక్లేవ్ (ఆవిరి ఒత్తిడితో క్రిముల్ని చంపే యంత్రం) కావాలి. శుద్ధి చేసిన సెట్లు పదిహేను ఉంటే ఆ పూట చూడాల్సింది పదిహేను మందినే. వరుస పెద్దగా ఉందని వాడిన పటకారును స్పిరిట్‌తో తుడిచి మళ్లీ వాడితే హెపటైటిస్-బి ఊరికి పంచినట్టే.

శిబిరాల మీద మా ఫిర్యాదూ ఇక్కడే. ఒక్క పూటలో పళ్లు తీసి బ్యానర్ మడిచి వెళ్లిపోతారు. పన్ను తీసిన గుంతలో నెత్తురు గడ్డ నిలవక, రెండో రోజునో నాలుగో రోజునో చెవిదాకా పాకే నొప్పి రావచ్చు. బీడీ, చుట్ట తాగేవాళ్లలో ఇది ఎక్కువ. దానికి గుంతను సెలైన్‌తో కడిగి మందు దూది పెడితే చాలు. కానీ పెట్టేవాళ్లెవరు? ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి సూది, యాంటీబయాటిక్ గోళీలు. ఆపైన ‘పన్ను పీకించుకుంటే పానం మీదికొచ్చింది’ అనే మాట ఊరంతా పాకుతుంది. రెండు వారాలైనా మానని పుండు, మూడు వేళ్లు పట్టనంతగా బిగిసిన నోరు ఉన్న గుట్కా, తంబాకు అలవాటున్న మనిషిని క్యాన్సర్ అనుమానంతో పెద్దాసుపత్రికి పంపితే సరిపోదు, వెళ్లాడా లేదా అని వచ్చే వారం అడగాలి. దవడ కింద వాపు వచ్చి, నాలుక పైకి లేచి, మింగలేకపోతున్న మనిషిని మాత్రం వారం దాకా ఆపొద్దు, కాపడం పెట్టొద్దు. వాజేడు నుంచైనా సరే, అప్పటికప్పుడు 108లో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి పంపాలి. ఆ వాపు ఊపిరి ఆపేస్తుంది.

కాబట్టి మండల కేంద్రంలో అంగడి జరిగే రోజే అక్కడి పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) పళ్ల డాక్టర్ ఉండాలని మా సూచన. గూడేల నుంచి, తండాల నుంచి ఎలాగూ జనం వస్తారు, ఆటో కిరాయి వేరే పెట్టుకోనక్కర్లేదు. కుర్రడాక్టర్లు మిగతా రోజులు పట్నంలో ప్రాక్టీసు చేసుకుని బతుకు వెళ్లదీస్తూనే ఆ ఒక్క రోజు తప్పకుండా రావచ్చు. ఉద్యోగం మానుకుని అడవికి పొమ్మని ఎవరూ అనడం లేదు. వైద్యారోగ్యశాఖ చేయాల్సింది మడత కుర్చీ, ఆటోక్లేవ్, ఇరవై సెట్ల పరికరాలు, సిమెంటు, మత్తుమందు పీహెచ్‌సీలో ఉంచడం, ఆ రోజుకు భత్యం కట్టివ్వడం, డెంటల్ కాలేజీల ఇంటర్న్‌ల మూడు నెలల గ్రామీణ డ్యూటీని ఈ అంగడి రోజులకు ముడిపెట్టడం. ఏటూరునాగారం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) పరిధిలో రెండు మండలాల్లో ఆరు నెలలు నడిపి చూడమని కోరుతున్నాం. ఎన్ని పళ్లు తీశారన్నది కాదు, తీయించుకున్నవాళ్లలో ఎంతమంది మరుసటి అంగడికి తిరిగొచ్చి చూపించుకున్నారన్నది రిజిస్టర్లో రాయించండి.

ఇట్లు,
కొందరు దంత వైద్యులు,
హన్మకొండ