పన్నాలూ ప్రయోగమూ

ఒరేయ్ శేఖరం,

ఉత్తరం అందింది. మీవాడికి కృష్ణయజుర్వేదం 82 పన్నాలూ, అంటే అధ్యాయాలన్నీ, పూర్తయ్యాయన్నావు, చాలా సంతోషం రా. ఇప్పుడు డిగ్రీలో చేర్పించాలా, మీ ఊరి సిద్ధాంతిగారి వెంట పౌరోహిత్యానికి తిప్పాలా అని అడిగావు. రెండూ చెయ్యనీ, కాకపోతే ఒక వరస ఉంది.

సంహిత 44, బ్రాహ్మణం 28, ఆరణ్యకం 10. గురువుగారు ఒకసారి చెబితే తను రెండుసార్లు అని, వల్లె వేసి సంపాదించుకున్న ఆస్తి అది. స్వరం దానివల్లే నిలబడుతుంది. ఇంద్రుడి మీద పగతో త్వష్ట చేసిన హోమంలో ‘ఇంద్రశత్రుః’ అన్న మాట సంగతి నీకూ తెలుసు. ఉదాత్తం, అంటే ఎత్తి పలికే స్వరం, చివర పడితే ఇంద్రుణ్ణి చంపేవాడు, మొదట పడితే ఇంద్రుడి చేతిలో చచ్చేవాడు. మొదటే పడింది, ఆ హోమంలో పుట్టిన వృత్రుడు ఇంద్రుడి చేతిలోనే పోయాడు. క్యాసెట్లు విని మంత్రాలు పట్టినవాళ్లు తడబడేది ఇక్కడే.

అయితే ఆ 82 పన్నాల్లో పీట ఎటు వెయ్యాలో ఉండదుగా. పెళ్లిమంత్రాలు ఎక్కువగా ఏకాగ్నికాండ అనే మంత్రాల సంపుటిలోవి. ఏది ఎప్పుడు చెప్పాలో ఇంటి కర్మల పద్ధతి చెప్పే ఆపస్తంబ గృహ్యసూత్రంలో ఉంటుంది. చేతికి రావాలంటే మాత్రం పక్కన కూర్చుని చూడాలి. అందుకని మొదటి ఆరు నెలలూ మీవాణ్ణి మంత్రానికి కాదు, సంభారాలకి, అంటే పూజాసామగ్రి సర్దడానికి, పెట్టమను. నవగ్రహ హోమానికి జిల్లేడు, మోదుగ, చండ్ర, ఉత్తరేణి, రావి, మేడి, జమ్మి, గరిక, దర్భ విడివిడిగా కట్టలు కట్టడం వాడి పని. సమిధలు ముందురోజే ఎండలో పెట్టాలి. పచ్చివైతే మంట రాదు, ఇల్లంతా పొగ, యజమాని కళ్లు తుడుచుకోవడమే సరిపోతుంది. ఫ్లాట్లో హోమమైతే ఇటికల కింద రెండంగుళాలు ఇసక పొయ్యాలి. పల్చగా పోస్తే వేడికి టైలు పగులుతుంది, ఆ మాట పదేళ్లు చెప్పుకుంటారు.

తర్వాత సంకల్పం, అంటే పూజ మొదట్లో ఏ కాలంలో, ఏ చోట, ఎవరు చేస్తున్నారో చెప్పుకోవడం. అందరూ తేలిక అనుకుంటారు గానీ తప్పులు ఎక్కువ దొర్లేది అందులోనే. ఉగాది వెళ్లిన వారం దాకా పాత సంవత్సరం పేరే నోటికొస్తుంది. శ్రీశైలానికి హైదరాబాదు వాయవ్యం, విజయవాడ ఈశాన్యం. ఊరు మారినా దిక్కు మార్చకుండా చెప్పేవాళ్లని చూస్తూనే ఉంటాం. అమెరికాలో ఉన్నవాళ్లకి ఫోన్లో చెప్పిస్తే జంబూద్వీపే కాదు, క్రౌంచద్వీపే అంటారు. తిథి కూడా అక్కడి పంచాంగం చూసుకోవాలి.

ఇక పెళ్లి. జీలకర్ర బెల్లం 10:42కి అనుకో, అక్కణ్ణించి వెనక్కి లెక్కేసుకుని కాగితం మీద రాసుకోవాలి. ఇంటింటికీ ఆనవాయితీ మారుతుంది కాబట్టి ముందురోజే పెద్దావిణ్ణి అడగాలి. ఎంత రాసుకున్నా పెళ్లికూతురు పావుగంట ఆలస్యంగా వస్తుంది, ఫొటోల వాళ్లు ఇంకో పది నిమిషాలు మింగేస్తారు. అప్పుడు దేన్ని కుదించాలి? ప్రయోగం, అంటే కర్మ చేయించే పద్ధతి, మాత్రమే వచ్చినవాడు చేతికందిందల్లా కోసేస్తాడు. చదువుకున్నవాడికి ఏది ప్రధానమో ఏది అంగమో తెలుసు, అంగంలోనే కుదిస్తాడు. డిగ్రీ కూడా కావాలని నేననేది ఇందుకే. సూత్రం, భాష్యం చదివితే ‘ఎందుకు’ తెలుస్తుంది.

దారులున్నాయి. పది లేకపోతే 14 నిండినవాడు ఓపెన్ స్కూల్లో కట్టొచ్చు. ఆ పైన తిరుపతిలో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం, 2006లో వచ్చిన వేద విశ్వవిద్యాలయం ఉన్నాయి. మరి టైమెక్కడిదంటావు. ఆషాఢంలో, మూఢాల్లో పెళ్లిళ్లుండవు, ఆ నెలలు పుస్తకానికి. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పున్నమి, అమావాస్య ఎలాగూ అనధ్యయనాలే, గురువు దగ్గర వేదం సంత, అంటే పాఠం, లేని రోజులు. అవీ పుస్తకానికే. మిగతా రోజుల్లో తెల్లవారుజామున రెండేసి పన్నాలు ఆవృత్తి చేస్తే, అంటే మళ్లీ వల్లించుకుంటే, 41 రోజులకి ఒక చుట్టు. సెలవులు కలుపుకుంటే దాదాపు రెండు నెలలు. ఇది ఆపేశాడా, ముందు చివరి పన్నాలు జారతాయి. రుద్రం, సూక్తాలు రోజూ నోట్లో నలుగుతాయి కాబట్టి అన్నీ వచ్చనే భ్రమ పడతాడు.

పెద్దల లెక్క విన్నావుగా: గురువు దగ్గర పావు, సొంత బుద్ధితో పావు, తోటివాళ్ల దగ్గర పావు, కాలం గడిచేకొద్దీ పావు. మీవాడికి మొదటి పావు బ్రహ్మాండంగా అందింది.

నాకు బెంగల్లా ఒక్కటే. చేతినిండా పని దొరికాక, పదిళ్లలో పూజలు చేయిస్తూ సొంత సంధ్యావందనం ఎగ్గొట్టే అలవాటొస్తుంది. దక్షిణ లెక్కలు అడక్కురా, సంధ్య వార్చావా అని అడుగు.

సిద్ధాంతిగారితో మాట్లాడే ముందు మీ ఇంట్లోనే వాడి చేత సత్యనారాయణ వ్రతం చేయించు. ఎవర్నీ సాయం పిలవకు, సరుకుల జాబితా కూడా వాణ్ణే రాయమను. ఏం మర్చిపోయాడో మా చెల్లెమ్మ కనిపెట్టేస్తుందిలే. ఆ జాబితా నాకు ఫొటో తీసి పంపు.

నీ
సీతారాముడు