చదివొచ్చి మాట్లాడిన ఏడాది: 2025 వార్షిక నివేదిక

సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో మనం ఒకే ఒక్క కొత్త నియమం పెట్టుకున్నాం. నెలవారీ చర్చ ఏ విషయం మీద పెట్టినా, దానికి సంబంధించిన చట్టమో తీర్పో కథో కావ్యమో ఒకటి వారం ముందే సభ్యులకు అందాలి. చదవనివాళ్లు రావచ్చు, వినొచ్చు, టీ తాగొచ్చు. మొదటి గంట మాత్రం నోరు విప్పకూడదు. "ఈ వయసులో మళ్లీ పరీక్షలా?" అని ఎదురుచెప్పినవాళ్లు అప్పట్లో తక్కువేం లేరు. ఏడాది నడిచాక చూస్తే, ఈసారి మన సంఘం చేసిన పనుల్లో గట్టిగా చెప్పుకోదగ్గది ఇదే అనిపిస్తోంది. అందుకే నివేదికలో ఎక్కువ భాగం దాని చుట్టూనే తిరుగుతుంది, విసుక్కోకండి.

జనవరి 5న గన్నవరం దగ్గర కేసరపల్లిలో విశ్వహిందూ పరిషత్ హైందవ శంఖారావం సభ జరిగింది. దేవాలయాలను ప్రభుత్వ అజమాయిషీ నుంచి తప్పించాలన్నది అక్కడి ప్రధానమైన డిమాండు. ఆ వారమంతా విజయవాడలో ఏ టీకొట్టు దగ్గర నిలబడినా అదే మాట. కాబట్టి మొదటి చర్చకు 1987 నాటి దేవాదాయ చట్టంలోని ముఖ్యమైన సెక్షన్లను జిరాక్స్ తీయించి పంచాం.

మొదట రెండు వైపులా అలవాటైన మాటలే వచ్చాయి. మసీదు, చర్చి జోలికి పోని సర్కారుకు గుడి హుండీతో ఏం పని అని ఒకరు. సర్కారు చెయ్యి తీస్తే గుడి పోయేది ఊరి మోతుబరుల చేతికే అని ఇంకొకరు. అప్పుడు దేవాదాయ శాఖలో ఈఓగా (కార్యనిర్వహణాధికారిగా) చేసి రిటైరైన సభ్యులొకరు లేచి 6ఎ, 6బి, 6సి అంటే ఏమిటో చెప్పారు. ఏటా 25 లక్షలు దాటి ఆదాయం వచ్చే గుళ్లు 6ఎ, రెండు లక్షల నుంచి 25 లక్షల దాకా 6బి, అంతకన్నా తక్కువైతే 6సి. "హుండీ అనగానే మీకు తిరుమల, దుర్గగుడి, శ్రీశైలం గుర్తొస్తాయి. నా సర్వీసులో నేను ఎక్కువగా చూసింది 6సి గుళ్లు. దీపంలో నూనె పోయడానికి కూడా ప్రభుత్వం ఇచ్చే ధూపదీప నైవేద్యం డబ్బులు ఎప్పుడు పడతాయా అని ఎదురుచూసేవి" అన్నారాయన. హాలు కాసేపు నెమ్మదించింది.

తర్వాత మాట్లాడింది అర్చక కుటుంబానికి చెందిన యువ సభ్యుడు. తను స్వయంగా కేసరపల్లి సభకు వెళ్లొచ్చానని ముందే చెప్పాడు. 1987 చట్టం వంశపారంపర్య అర్చకత్వాన్ని రద్దు చేసిందనీ, 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించిందనీ, 2007 సవరణతో కొంత ఊరట దొరికిందనీ ఆ వరసంతా చెప్పి, "ప్రభుత్వం పూర్తిగా తప్పుకుంటే మా నాన్నగారికి నెలనెలా ఇచ్చేదెవరు? ఈ ప్రశ్నకు సభలో నాకు జవాబు దొరకలేదు, ఇక్కడా దొరకలేదు" అని కూర్చున్నాడు. 1843 దాకా తిరుమల వ్యవహారాలు ఈస్టిండియా కంపెనీ చూసేదనీ, తర్వాత హథీరాంజీ మఠం మహంతుల చేతికి వెళ్లాయనీ, 1930ల్లో చట్టం వచ్చాకే దేవస్థానం కమిటీ ఏర్పడిందనీ తెలిశాక, 'పూర్వంలాగే ఉండాలి' అన్నవాళ్లను "ఏ పూర్వం?" అని పక్కవాళ్లే అడగడం మొదలైంది. మన దగ్గర తీర్మానాలు, ఓటింగులు ఉండవు కాబట్టి ఎవరు గెలిచారన్న లెక్క లేదు. గుడి ఎవరి చేతిలో ఉన్నా ఆదాయ వ్యయాలు గుడి గోడ మీదే రాసి పెట్టాలన్న మాటకు మాత్రం రెండు వర్గాలూ తలూపాయి.

ఏప్రిల్ చర్చ ఎస్సీ వర్గీకరణ మీద, అంటే ఎస్సీ రిజర్వేషన్‌ను ఉపకులాల గ్రూపులకు విడివిడిగా పంచడం మీద. "ఈ టాపిక్ వద్దు, సంఘం రెండు ముక్కలవుతుంది" అని కార్యవర్గంలోనే సగం మందికి టెన్షన్. పెట్టడమే మంచిదైందని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటున్నారు. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం 6:1 మెజారిటీతో రాష్ట్రాలు అలా వర్గీకరించవచ్చని ఇచ్చిన తీర్పు సారాంశం ఒకటి, జాషువా 'గబ్బిలం' నుంచి కొన్ని పద్యాలు ఒకటి, రెండూ కలిపి పంచాం.

ముప్పై ఏళ్ల వెనకటి ముచ్చటంతా బయటికొచ్చింది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో వర్గీకరణ కోసం మాదిగ దండోరా ఉద్యమం మొదలవడం, 2000లో ఉమ్మడి రాష్ట్ర చట్టం ఎస్సీలను ఎబిసిడిలుగా విడగొట్టడం, 2004లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేయడం, ఇరవై ఏళ్లకు అదే కోర్టు మాట మార్చుకోవడం. ఈ ఏప్రిల్ 14న తెలంగాణ మూడు గ్రూపులకు ఒకటి, తొమ్మిది, అయిదు శాతాలుగా వర్గీకరణను అమల్లో పెట్టింది. మూడు రోజులకు మన రాష్ట్రం ఒకటి, ఆరున్నర, ఏడున్నర శాతాలుగా ఆర్డినెన్సు తెచ్చింది. గ్రూప్-2కు చదువుతున్న అమ్మాయి బోర్డు మీద రోస్టరు (ఏ పోస్టు ఏ వర్గానికన్న వరస) గీసి, పోస్టులు తక్కువున్న నోటిఫికేషన్‌లో ఒక్క శాతం వాటాకు ఒక్క పోస్టు దక్కాలంటే ఎన్నాళ్లు ఆగాలో లెక్కగట్టి చూపించింది. మాల కులానికి చెందిన సభ్యులు లెక్కల ప్రామాణికత మీద అభ్యంతరాలు చెప్పారు. మాదిగ సభ్యులు ఓపిగ్గా జవాబిచ్చారు. గొంతులు పెరిగాయి, ఎవరూ లేచిపోలేదు. ఒక్క శాతం గ్రూపులో ఉన్న రెల్లి కులం నుంచి ఆ హాల్లో ఒక్కరు కూడా లేరని టీ ఇచ్చే సమయంలో ఆ అమ్మాయే ఎత్తిచూపింది. మన ఊరి వీధులు ఊడ్చేవాళ్లలో ఎక్కువమంది వాళ్లే. మన సభ్యత్వ పుస్తకంలో మాత్రం లేరు. దీనిపై కొత్త కార్యవర్గం ఏదో ఒకటి చెయ్యాలి. మొక్కుబడి ఆహ్వాన పత్రం ఇచ్చి వస్తే సరిపోదని మా ఉద్దేశం.

ఆ సాయంత్రం చివర్లో మన రిటైర్డు హెడ్మాస్టారు గబ్బిలం పద్యాలు రాగం తీసి చదివారు. 1941 నాటి కావ్యం. అందులో కథానాయకుడు అరుంధతీసుతుడు, అంటే మాదిగ. తన గోడు కాశీ విశ్వనాథుడికి చెప్పి రమ్మని పంపేందుకు అతనికి దొరికిన దూత గబ్బిలం. అతన్ని రానివ్వని గుడిలోకి దాన్ని ఆపేవాడు లేడు. పద్యం ఆగగానే అర్చకుల అబ్బాయి, "గుడి ఎవరిదన్న చర్చకు జనవరిలోనే ఇది చదివించాల్సింది మాస్టారూ" అన్నాడు. ఏడాదంతట్లో మాకు బాగా నచ్చిన మాట అది.

మే నెలలో సమావేశం పెట్టలేదు. ఎండలు కొంత కారణం. పహల్గాం దాడి, ఆపరేషన్ సిందూర్ గురించి చర్చ పెట్టమని చాలామంది అడిగారు కానీ, టీవీ అరుపులు తప్ప చేతికి చదవడానికి నికరమైన కాగితం లేనప్పుడు వద్దనుకున్నాం. నలుగురికి ఇది నచ్చలేదు, వారి అభ్యంతరం మినిట్స్‌లో రాసి ఉంది.

ఆగస్టులో నియోజకవర్గాల పునర్విభజన. రాష్ట్ర విభజన చట్టం 26వ సెక్షన్ ప్రకారం ఆంధ్ర అసెంబ్లీ సీట్లు 175 నుంచి 225కి, తెలంగాణవి 119 నుంచి 153కి పెంచాలన్న పిటిషన్‌ను జులై 25న సుప్రీంకోర్టు కొట్టేసింది. 2026 తర్వాతి జనాభా లెక్కలొచ్చేదాకా కుదరదని రాజ్యాంగం 170వ అధికరణమే చెబుతోందని, పునర్విభజన జరిగిన జమ్మూ కశ్మీర్ కేంద్రపాలిత ప్రాంతం కాబట్టి దాంతో పోలిక చెల్లదని తీర్పు. అసలు వేడి లోక్‌సభ సీట్ల దగ్గర పుట్టింది. 1971 లెక్కల మీద ఆగిపోయిన పంపకాన్ని మళ్లీ జనాభా ప్రకారం చేస్తే, కుటుంబ నియంత్రణ పాటించిన దక్షిణాదికి నష్టం కదా అన్నది ఒక వాదం. ఓటుకు ఓటు సమానం కావాలంటే తప్పదన్నది ఇంకో వాదం. ముగ్గురు పిల్లలున్నందుకు ఒకప్పుడు సర్పంచిగా పోటీకి అనర్హుడైన సభ్యుడు మనలో ఉన్నారు. ఆ నిబంధనను 2024 నవంబరులో అసెంబ్లీ ఎత్తేసిందని చదవగానే, "మూడోవాడికి ముప్పయ్యేళ్లొచ్చాయి, ఇప్పుడా?" అని ఆయన అంటే హాలంతా నవ్వింది.

అక్టోబరు సమావేశం ఇంద్రకీలాద్రి దసరా రద్దీ తగ్గాక పెట్టుకున్నాం. రాజకీయం, మతం, పుస్తకం మూడూ ఒకే విషయంలో కలిసొచ్చిన చర్చ ఇదొక్కటే. 2025లో అంతర్జాతీయ బుకర్ బహుమతి అందుకున్న కన్నడ ముస్లిం రచయిత్రి బాను ముష్తాక్ మైసూరు దసరాను ప్రారంభించడం మీద రేగిన వివాదం. హైకోర్టు, సుప్రీంకోర్టు రెండూ పిటిషన్లను కొట్టేశాయి, సెప్టెంబరు 22న ఆమె చాముండి కొండ మీద ఉత్సవం ప్రారంభించారు. 2017లో కవి నిసార్ అహ్మద్ ఇదే ఉత్సవాన్ని ప్రారంభించారన్నది చాలామందికి ఆ రోజే తెలిసింది. బళ్లారిలో ఉద్యోగం చేసొచ్చిన సభ్యురాలొకరు, దేవుణ్ణి ఒక్కసారి ఆడదానిగా రమ్మని నిలదీసే ఆమె కథను కన్నడంలో చదువుకొచ్చి, మన యాసలో చెప్పారు. కథ అయ్యాక దసరా ఊసెత్తకుండా ఆడవాళ్లు వరసగా మాట్లాడారు. పుట్టింటి వాటా దగ్గర మొదలై అత్తగారింట్లో పండగ వంట దాకా వెళ్లింది. ముందునుంచీ ఆ ఆహ్వానాన్ని తప్పుపడుతున్న సభ్యులొకరు, తన అభిప్రాయం మారలేదనీ, అది రాజ్యోత్సవం కన్నా ముందు అమ్మవారి పూజ అనీ నిక్కచ్చిగా చెప్పారు. అయినా ఆ రచయిత్రి పుస్తకం కావాలని అడిగి పట్టుకెళ్లారు, ఇంకా తిరిగివ్వలేదు.

మిగతా నెలల చర్చలు ఓ మోస్తరుగా జరిగాయి. వక్ఫ్ సవరణ చట్టం మీద పెట్టినది వర్షం వల్ల మధ్యలో ఆగింది, మళ్లీ పెట్టాలి. ఆడవాళ్ల కోరిక మేరకు సమావేశాలను సాయంత్రం నుంచి ఆదివారం ఉదయం పదింటికి మార్చాం. ఆ తర్వాత వాళ్ల హాజరు బాగా పెరిగింది, రాత్రి బండి నడపలేని పెద్దలూ సంతోషించారు. ఈ ఏడాది మొదటిసారి టీ ఖర్చును జిరాక్స్ ఖర్చు దాటింది. కోశాధికారి దీన్ని ప్రమాద ఘంటిక అంటున్నారు, మిగతా కార్యవర్గం ఒప్పుకోవడం లేదు. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

2026కి మొదటి చర్చ జనగణన మీద. లెక్కల తేదీ 2027 మార్చి 1, కులం కూడా అడుగుతారు. ఆ ప్రశ్నకు ఏం జవాబివ్వాలో, అసలు ఇవ్వాలో లేదో ఇంట్లో ముందే మాట్లాడుకుని రండి. కార్యవర్గ ఎన్నికకు నామినేషన్లు సర్వసభ్య సమావేశం రోజు ఉదయం దాకా తీసుకుంటాం. గ్రంథాలయం పుస్తకాలు, సభ్యత్వ రుసుము బకాయిలు అదే రోజు అప్పజెప్పగలరు.