వార్షిక నివేదిక: స్వరాల కింద తెలుగు అక్షరం

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం పనిలో ఎక్కువ భాగం బతుకమ్మ, కోలాటం పాటలను స్టాఫ్ నొటేషన్‌లోకి, అంటే ఐదు గీతల స్వరలిపిలోకి ఎక్కించడమే. స్వరాలు రాయడం కన్నా వాటి కింద సాహిత్యాన్ని కుదురుగా కూర్చోబెట్టడానికే ఎక్కువ సమయం పట్టింది. ఫైళ్లు దిద్దే సభ్యులందరూ ఒకే పద్ధతి పాటించాలి కాబట్టి ఆ సంగతే ఇక్కడ వివరంగా రాస్తున్నాం.

మనం వాడేది మ్యూజ్‌స్కోర్ 4 అనే స్వరలిపి రాసే ప్రోగ్రామ్. ఉచితంగా దొరుకుతుంది. అందులో సాహిత్యానికి ముందుగా పెట్టి ఉండే ఫాంట్ ఎడ్విన్, దాంట్లో తెలుగు అక్షరాలు లేవు. అయినా తెలుగు కనిపిస్తుంది, ఎందుకంటే కంప్యూటర్ తన దగ్గరున్న మరో తెలుగు ఫాంటును తెచ్చి పెడుతుంది. విండోస్‌లో ఒకటి వస్తే లినక్స్‌లో ఇంకోటి వస్తుంది. హనుమకొండలో సర్దిన పేజీ కాజీపేటలో తెరిస్తే వరుసలు జరిగిపోయేది ఇందుకే. మ్యూజ్‌స్కోర్ ఫైలు తనతో పాటు సాహిత్యపు ఫాంటును మోసుకుపోదు. కాబట్టి అందరూ నోటో సెరిఫ్ తెలుగు ఫాంటును ఇన్‌స్టాల్ చేసి, మ్యూజ్‌స్కోర్‌ను ఒకసారి మూసి తెరవండి. ఒత్తులు విడిగా, స్పష్టంగా కనిపిస్తాయని దీన్ని ఎంచుకున్నాం. రామభద్ర లాంటి లావు ఫాంట్లు శీర్షికలకే బాగుంటాయి.

ఫార్మాట్ మెనూలో స్టైల్, అందులో టెక్స్ట్ స్టైల్స్ తెరవండి. సాహిత్యానికి అక్కడ రెండు పేర్లుంటాయి: లిరిక్స్ ఆడ్ లైన్స్ (బేసి వరుసలు), లిరిక్స్ ఈవెన్ లైన్స్ (సరి వరుసలు). ఎక్కువమంది మొదటిదే మార్చి ఊరుకుంటున్నారు, దాంతో రెండో చరణం పాత ఫాంటులోనే ఉండిపోతోంది. రెండింటికీ ఫాంటు మార్చి 12 పాయింట్లు పెట్టండి. స్టాఫ్ స్పేస్ (రెండు గీతల మధ్య దూరం) 1.75 మిల్లీమీటర్లు, అంటే స్టాఫ్ ఎత్తు 7 మిల్లీమీటర్లు ఉన్నప్పుడు ఈ సైజు సరిపోతుంది. తర్వాత ఆ స్టైల్‌ను ఫైలుగా సేవ్ చేసుకుని ప్రతి కొత్త పాటకూ లోడ్ చేస్తే మళ్లీ మళ్లీ సర్దే పని ఉండదు. ఎవరైనా ఒక్కో అక్షరాన్ని పట్టుకుని చేత్తో మార్చి ఉంటే అది స్టైల్ మాట వినదు. దాన్ని ఫార్మాట్ మెనూలోని రీసెట్ టెక్స్ట్ స్టైల్ ఓవర్‌రైడ్స్‌తో విడిపించాలి.

తెలుగుకే ప్రత్యేకమైన చిక్కు ఒత్తులది. 'రాష్ట్ర'లో ఒత్తులు కిందికి దిగుతాయి, ఆ కిందే రెండో చరణంలో 'కీ' ఉంటే దాని గుడి పైకి లేస్తుంది. రెండూ తగులుకుంటాయి. స్టైల్‌లోని లిరిక్స్ పేజీలో వరుస ఎత్తును 100 శాతం నుంచి 140కి పెంచితే చాలావరకు తీరుతుంది. అప్పటికీ తగిలితే ఇంకో పది పెంచండి గానీ అక్షరాన్ని చిన్నది చేయకండి. పాడేవాళ్లలో పెద్దవయసు వాళ్లే ఎక్కువ.

'ఉయ్యాలో'ను ఉ, య్యా, లో అని అక్షరాల దగ్గరే విడగొట్టాలి, మధ్యలో హైఫన్ కొట్టాలి. పలికేటప్పుడు 'ఉయ్' అనిపించినా, 'ఉయ్-యా-లో' అని రాస్తే పొల్లు తేలి చదివేవాళ్లు తడబడతారు. 'లో' సాగుతోంది కదా అని ల ఒక స్వరానికి, ఓత్వం తర్వాతి స్వరానికి ఇస్తే గుర్తుకు ఆధారం ఉండదు, చుక్కల సున్నా వస్తుంది. అక్షరం మొత్తం మొదటి స్వరం కిందే పెట్టి, సాగదీతకు షిఫ్ట్‌తో అండర్‌స్కోర్ వాడండి.

ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగుగా మార్చే పనిముట్లు ఇక్కడ ఇబ్బంది పెడతాయి. వాటికి స్పేస్ అంటే మాట పూర్తయిందని, మ్యూజ్‌స్కోర్‌కు పక్క స్వరానికి వెళ్లమని. నేరుగా తెలుగులో టైపు చేసే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు రానివాళ్లు పాటంతా నోట్‌ప్యాడ్‌లో హైఫన్లతో రాసుకుని కాపీ చేయండి. మొదటి స్వరాన్ని ఎంచి కంట్రోల్ ఎల్ నొక్కి, తర్వాత కంట్రోల్ వి నొక్కుతూ పోతే ఒక్కో అక్షరం ఒక్కో స్వరం కిందికి చేరుతుంది.

పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన పాటలను నేరుగా అతికించకండి. వాటిలో తెలుగు అక్షరాల వెనక ఉన్నవి ఇంగ్లీషు సంకేతాలే. ముందు యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు ఒక్కొక్కటీ సరిచూసుకోవాలి. ఫినాలే అనే మరో స్వరలిపి ప్రోగ్రామ్ ఫైళ్లున్నవాళ్లు అది తెరుచుకుంటున్నప్పుడే వాటిని మ్యూజ్‌స్కోర్ కూడా చదవగల మ్యూజిక్ ఎక్స్ఎంఎల్ ఫైళ్లుగా తీసి పెట్టుకోవాలి. ఫినాలే అభివృద్ధిని ఆపేస్తున్నట్టు తయారీదారు 2024 ఆగస్టు 26న ప్రకటించారు.

ప్రెస్సుకు పీడీఎఫ్ మాత్రమే ఇవ్వండి. చిన్న పుస్తకం కావాలంటే మొదటే పేజీని ఏ5గా పెట్టి సర్దాలి. ఏ4 పేజీని ప్రెస్సులో కుదిస్తే 12 పాయింట్ల అక్షరం దాదాపు ఎనిమిదిన్నరకు పడిపోతుంది, ఒత్తులు మసకబారతాయి.

సాఫ్ట్‌వేరుకూ ఫాంట్లకూ ఖర్చేమీ కాలేదు. ఎంగిలిపూల బతుకమ్మ లోపు మిగిలిన పాటల్లో రెండో చరణాల వరుస ఎత్తు సరిచూడాలి. స్టైల్ ఫైలు సంఘం కంప్యూటర్‌లో ఉంది, పెన్‌డ్రైవ్ తెచ్చుకుని తీసుకెళ్లండి.