కాలనీ సంక్షేమ సంఘం, ఒంగోలు: వార్షిక నివేదిక (2024–25)

సభ్యులందరికీ నమస్కారం.

కాలువల్లో పూడికతీత, వీధి దీపాలు, సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టిక నోటీసు బోర్డులో పెట్టాం. ఇక్కడ ఎక్కువ చోటు వేసవి యానిమేషన్ శిబిరానికే ఇస్తున్నాం. "సంఘం డబ్బుతో ఈ బొమ్మలాటలేంటండీ" అని అడిగినవాళ్లున్నారు మరి.

పరీక్షల టెన్షన్ మీద నిమిషం సినిమా తీయాలి. ఏడుస్తున్న మనిషిని చూపించకూడదు, ఆ గుబులునే ఒక జంతువుగా చూపించాలి. పిల్లలకు పెట్టిన షరతు అదొక్కటే. మొదట్లో అందరూ పులులు, పాములే గీశారు. చూస్తే భయమేసింది గానీ, అది పులి భయం, పరీక్ష భయం కాదు. మన మాటల్లోనే వెతకమన్నాం. ఒంటిమీద జెర్రులు పాకడం, కుడితిలో పడ్డ ఎలుక, ఇలా చాలా దొరికాయి.

ఎలుకను ఇంటర్ అమ్మాయి ఒకరు తీసుకుంది. సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల చొప్పున నిలిపినా నిమిషానికి 720 బొమ్మలు కావాలి. అన్ని గీయలేక, ఎలుక తొట్టిలో ఒక్క చుట్టు ఈదేవరకు గీసి, వాటినే తిప్పి తిప్పి వాడింది. ఆందోళనలో మనసు చేసేదీ అదే కదా! శ్రమ తగ్గించుకోవడానికి చేసిన పనే సినిమాకు ప్రాణమైంది.

ఇంకో కుర్రాడు అట్టముక్కలకు తోలుబొమ్మల్లా కీళ్ల దగ్గర దారం కట్టి ఒంగోలు గిత్తను చేశాడు. చదువుకునే గదిలో అది కాలు దువ్వుతుంది. బండలాగుడు పోటీలకు ఎడ్లను పెంచిన పెద్దాయన చూసి, "బెదిరిన గొడ్డు ముందు చెవులు నిక్కిస్తుందిరా అబ్బాయ్" అన్నారు. చెవులు, గంగడోలు మాత్రమే కదిలేలా మార్చాడు. పైకప్పుకు మూపురం ఆనించి ఊరికే నిలబడ్డ ఆ గిత్తను చూస్తుంటే మాకే ఊపిరాడలేదు.

పామును కర్రతో కొట్టి చంపే సినిమాకు చప్పట్లు ఎక్కువ పడ్డాయి. కమిటీకి మాత్రం నచ్చలేదు. మర్నాడు ఇంకో పరీక్ష ఉంటుందిగా.

నిద్ర, తిండి చెడేంత ఆందోళన ఉన్న పిల్లలకు సినిమా చాలదు. 2022లో మొదలైన ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416ను తెర మీద వేశాం. రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు.

1892 అక్టోబరు 28న పారిస్‌లో ఎమిల్ రేనో చేత్తో గీసిన బొమ్మలను తెరపై ఆడించాడు. అది యానిమేషన్ దినోత్సవం కాబట్టి తర్వాతి ప్రదర్శన ఆ రోజే పెడదామనుకుంటున్నాం. పాత స్మార్ట్‌ఫోన్లు, టేబుల్ లైట్లు ఉన్నవాళ్లు ఆఫీసులో ఇవ్వగలరు. చందా బకాయిలు కూడా.

కార్యదర్శి