కోరిన బోర్డు ఒకటి, పంపిన బోర్డు మరొకటి

తిరుపతి,
12-03-2025.

వినియోగదారుల ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: ప్రో మైక్రో బోర్డులకు బదులు వేరే చిప్ ఉన్న బోర్డులు పంపడం, వెనక్కి తీసుకోవడానికి నిరాకరించడం గురించి.

ఆర్యా,

నేను తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర పద్నాలుగేళ్లుగా చిన్న డీటీపీ సెంటరు నడుపుకుంటున్నాను. జనవరి 20న మీ వెబ్‌సైటులో మూడు ప్రో మైక్రో బోర్డులు (ప్రోగ్రాము ఎక్కించి వాడుకునే చిన్న సర్క్యూట్ బోర్డులు), వాటితోపాటు కీబోర్డు స్విచ్చులు, క్యాపులు, డయోడ్లు ఆర్డరు చేసి డబ్బంతా ముందుగానే చెల్లించాను. 27న పార్సెలు అందింది. అందులో వచ్చిన బోర్డులు మీ పేజీలో చూపించినవి కావు. ఈ సంగతి ఫిబ్రవరి 3న మొదటిసారి మీ సంస్థకు రాశాను. ఆ తర్వాత మూడు ఈమెయిళ్లు, రెండు ఫోన్లు అయ్యాయి గానీ పని కాలేదు. అందువల్ల ఈసారి జరిగింది జరిగినట్టు కాగితం మీద పెట్టి, రిజిస్టర్డ్ పోస్టులో నేరుగా మీకే పంపుతున్నాను.

ఈ బోర్డులు నాకెందుకో ముందు చెప్పాలి, ఎందుకంటే మీ ప్రతినిధులకు మొదటి నుంచీ అర్థం కానిది అదే. ముహూర్తాల నెలల్లో మాకు పెళ్లి పత్రికల పని ఊపిరాడనివ్వదు. పెళ్లి తిరుమలలో పెట్టుకున్నా, తిరుచానూరులో పెట్టుకున్నా, శ్రీనివాస మంగాపురంలో పెట్టుకున్నా పత్రిక నెత్తిన ‘శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు’ ఉండాల్సిందే, చివర ‘బంధుమిత్ర సపరివార సమేతంగా’ రావాల్సిందే. నేను ఇన్‌స్క్రిప్ట్ అనే కీల అమరిక పద్ధతిలో టైపు చేస్తాను. అందులో ‘శ్రీ’ అన్న ఒక్క అక్షరానికే నాలుగు కీలు నొక్కాలి, మొదటిది షిఫ్టుతో కలిపి. రోజుకు పాతిక పత్రికలు కూర్చినప్పుడు ఆ భారమంతా మణికట్టు మీదే పడుతుంది. పాత ఫైలులోంచి కాపీ చేసుకోవచ్చు కదా అని మీ ప్రతినిధి ఒకరు సలహా ఇచ్చారు. అలా చేసినందుకే ఒకసారి ఒక పెళ్లివారి ఇంటిపేరు మరొక పెళ్లివారి పత్రికలో అచ్చయింది. ఆ రోజు నేను పడిన మాటలను ఈ లేఖలో రాయలేను.

కాబట్టి, తరచుగా వాడే వాక్యాలను ఒక్కో కీకి ఒక్కొక్కటిగా అప్పగించి, పన్నెండు కీల చిన్న కీబోర్డు సొంతంగా తయారు చేసుకోవాలనుకున్నాను. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతున్న మా తమ్ముడి కొడుకు సాయం చేస్తానన్నాడు. కీబోర్డు కంప్యూటరుకు పంపేది అక్షరాలను కాదు, ఏ కీ నొక్కామో చెప్పే అంకెలను. ఆ అంకెలను అసలు కీబోర్డు పంపినట్టే పంపాలంటే చిప్‌లోనే యూఎస్‌బీ ఉండాలి. ప్రో మైక్రోలో ఉండే ఏటీమెగా 32యూ4 చిప్‌లో అది ఉంది. ఏటీమెగా 328పీ చిప్‌లో లేదు, దానికి కంప్యూటరుతో మాట్లాడటానికి పక్కన సీహెచ్340 వంటి మరొక చిప్ కావాలి, అప్పుడు కూడా కంప్యూటరుకు అది సీరియల్ పోర్టుగానే, అంటే మామూలుగా సమాచారం పంపుకునే దారిగానే కనిపిస్తుంది, కీబోర్డుగా కాదు. రెండింటిలోనూ ప్రోగ్రాము దాచుకునే చోటు 32 కిలోబైట్లే కావడం వల్ల, కొత్తవాళ్లకు రెండూ ఒకటే అనిపించవచ్చు. మీ పేజీలో ‘32యూ4, 5 వోల్టులు, 16 మెగాహెర్ట్జ్, కీబోర్డుగా పనిచేస్తుంది’ అని స్పష్టంగా రాసి ఉండటం చూసే నేను కొన్నాను.

ఫిబ్రవరి 1 రాత్రి షాపు మూశాక పని మొదలుపెట్టాము. నేమ్‌బోర్డులు చేసే పక్క షాపులో యాక్రిలిక్ పలకకు 14 మిల్లీమీటర్ల చదరపు రంధ్రాలు, నడుమకూ నడుమకూ 19.05 మిల్లీమీటర్ల దూరం ఉండేలా లేజరుతో కోయించి తెచ్చాము. మూడు అడ్డ వరసలు, నాలుగు నిలువు వరసలుగా వైర్లు కలిపితే పన్నెండు కీలకు ఏడు పిన్నులే సరిపోతాయి. మూడు కీలు ఒకేసారి నొక్కినప్పుడు నొక్కని నాలుగోది నొక్కినట్టు కనిపించకుండా ప్రతి స్విచ్చుకూ, కరెంటును ఒకే వైపుకు పోనిచ్చే 1ఎన్4148 డయోడును ఒక్కొక్కటి, దాని మీది నల్ల గీత ఒకే వైపుకు వచ్చేలా పెట్టుకుంటూ సోల్డరింగ్ చేశాము. ఆ పని మరునాడు, ఆదివారం మధ్యాహ్నానికి ముగిసింది. మీరు పంపిన స్విచ్చులు, క్యాపులు బాగున్నాయి, ఆ మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఇరవై డయోడ్లకు పద్దెనిమిదే వచ్చాయి, వాటి గురించి నేను అడగడం లేదు.

బోర్డును కంప్యూటరుకు తగిలించగానే డివైస్ మేనేజరులో సీహెచ్340 పేరుతో ఒక సీరియల్ పోర్టు వచ్చింది తప్ప కీబోర్డుల వరసలో కొత్తగా ఏదీ చేరలేదు. కీబోర్డు లైబ్రరీతో (ముందే రాసిపెట్టిన ప్రోగ్రాము భాగంతో) రాసిన ప్రోగ్రామును ఎక్కించబోతే, ‘కీబోర్డ్’ దొరకలేదు, ఆ లైబ్రరీని పిలిచే వరుస రాశారా అని, ఇలాంటి బోర్డుల్లోకి ప్రోగ్రాములు ఎక్కించే ఆర్డుయినో సాఫ్ట్‌వేరు అడిగింది. వరుస రాసే ఉంది. అప్పుడు, అచ్చులో చుక్కలు సరిగా పడ్డాయో లేదో చూడటానికి షాపులో ఉంచుకున్న లూప్‌ను, అంటే చిన్న భూతద్దాన్ని, చిప్ మీద పెట్టి చూశాను. బూడిద రంగు అక్షరాలు బాగా అరిగినట్టున్నా 328పీ అన్నది చదవగలిగాను. నమ్మకం కుదరక కాళ్లు లెక్కపెట్టాను. 32యూ4 చిప్‌కు వైపుకు పదకొండు చొప్పున 44 కాళ్లు ఉండాలి, దీనికి వైపుకు ఎనిమిదే, మొత్తం 32. బోర్డును తిరగేస్తే అడుగున పదహారు కాళ్లతో సీహెచ్340 కూర్చుని ఉంది. అంటే ఇవి నానో అనే వేరే రకం బోర్డులు. మూడు కవర్ల మీదా ‘ప్రో మైక్రో 32యూ4’ అని స్టిక్కరు మాత్రం ఉంది. ప్రో మైక్రోకు పక్కకు పన్నెండు పిన్నులు, నానోకు పదిహేను, కాబట్టి పిన్నులు లెక్కపెట్టి ఉంటే ముందే తెలిసేది. నా వైపు నుంచి జరిగిన పొరపాటు ఏదైనా ఉంటే మీ స్టిక్కరును నమ్మడమే.

మీ సంస్థ నుంచి వచ్చిన జవాబులు మూడు రకాలుగా ఉన్నాయి. మొదట డ్రైవరు వేసుకోమన్నారు. డ్రైవరు వేస్తే సీరియల్ పోర్టు పనిచేస్తుంది, అది ముందే పనిచేస్తోంది. తర్వాత, 328పీ కూడా ‘ఆర్డుయినో కంపాటిబులే’ కనుక తేడా లేదని, క్యూఎంకే అనే ఫర్మ్‌వేరు (కీబోర్డు చిప్‌లో ఎక్కించే ప్రోగ్రాము) దానిమీద కూడా నడుస్తుందని రాశారు. నడిచేది నిజమే. అయితే అందుకు, చిప్‌లో యూఎస్‌బీ లేకున్నా ప్రోగ్రాముతోనే ఆ పని చేయించే వీ-యూఎస్‌బీ పద్ధతిలో, యూఎస్‌బీ డేటా వైర్లు రెండింటినీ రెసిస్టర్ల మీదుగా నేరుగా చిప్‌కే కలిపి, జీనర్ డయోడ్ల వంటివి జోడించాలి. మీరు పంపిన బోర్డులో ఆ రెండు వైర్లూ సీహెచ్340 దగ్గరే ఆగిపోతాయి. ఆ మార్పులన్నీ నేను చేసుకోగలనా లేదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు, చేసుకోవాల్సిన అవసరం లేని బోర్డుకే నేను డబ్బు కట్టాను. చివరిగా, సోల్డరింగ్ చేసిన వస్తువును వెనక్కి తీసుకోవడం మీ నిబంధనలకు విరుద్ధమన్నారు. పిన్నులకు వైర్లు అతికించనిదే వాడటం కుదరని వస్తువుకు ఇటువంటి నిబంధన పెట్టడం, వండి చూశాక బియ్యం వెనక్కి తీసుకోము అని కొట్టువాడు అన్నట్టే ఉంది. అదీకాక సోల్డరింగ్ జరిగింది ఒక్క బోర్డుకే. మిగిలిన రెండూ పిన్నులు సైతం అతికించకుండా వచ్చినవి వచ్చినట్టే ఉన్నాయి, వాటి సంగతి ఏ ఈమెయిల్లోనూ ఎవరూ ప్రస్తావించలేదు.

ఇంతవరకూ జరిగింది గోడౌనులో కవర్లు తారుమారైన పొరపాటే అని అనుకోవడానికి నేను సిద్ధంగానే ఉన్నాను. కానీ ఫిబ్రవరి 14న మీ పేజీ మళ్లీ తెరిచి చూస్తే, అంతకుముందు లేని ఒక వాక్యం, ‘నిల్వను బట్టి సరిపోలే ఇతర బోర్డును పంపవచ్చు’ అన్నది, అడుగున చిన్న అక్షరాలలో చేరి ఉంది. నేను ఆర్డరు చేసిన రోజున తీసి ఉంచుకున్న స్క్రీన్‌షాటులో ఆ వాక్యం లేదు. ఫిర్యాదు అందాక నిబంధన మార్చి, మారిన నిబంధనను పాత ఆర్డరుకు చూపించడం నన్ను ఎక్కువగా బాధించింది. నేను ఈ లేఖ రాయడానికి బోర్డుల ఖరీదు కంటే అదే పెద్ద కారణం.

మాఘమాసం ముహూర్తాలు ఆగవు కనుక, చెన్నై వెళ్తున్న ఒక మిత్రుడి చేత అక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీటులో రాస్ప్‌బెర్రీ పై పికో బోర్డు ఒకటి తెప్పించుకున్నాను. దానిలోని ఆర్‌పీ2040 చిప్‌లోనే యూఎస్‌బీ ఉంది. అవే స్విచ్చులు, అవే డయోడ్లు, అవే ఏడు వైర్లు దానికి మార్చాక కీబోర్డు మొదటిసారే పలికింది. ఇప్పుడు ఎడమవైపు పై కీ నొక్కితే ‘శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు’ ఒక్కసారిగా వచ్చేస్తోంది. అందువల్ల మీరు సరైన బోర్డులు పంపినా నాకిక అవసరం లేదు.

ఆన్‌లైన్ అమ్మకాలకు సంబంధించిన 2020 నాటి వినియోగదారుల రక్షణ నియమాల ప్రకారం, ప్రకటించిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోవడానికీ, డబ్బు తిరిగి ఇవ్వడానికీ అమ్మకందారు నిరాకరించకూడదు. ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలియజేసి, నెల రోజుల్లో పరిష్కరించాలి. నా మొదటి ఫిర్యాదుకు ఆ నెల మార్చి 3తోనే నిండింది. మూడు బోర్డుల ధర, ఒక్కొక్కటి 620 చొప్పున 1,860 రూపాయలు, రవాణా ఖర్చు 80 రూపాయలు, మొత్తం 1,940 రూపాయలు ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లో నేను చెల్లించిన ఖాతాకే తిరిగి జమ చేయాలని, బోర్డులను మీ ఖర్చుతోనే తీసుకెళ్లాలని కోరుతున్నాను. ఈ పనిలో వృథా అయిన ఆదివారానికీ, పడిన శ్రమకూ నేను ఏమీ అడగడం లేదు. గడువులోగా జమ కాకపోతే జాతీయ వినియోగదారుల 1915 హెల్ప్‌లైనులో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం నేను నివసించే చోటే ఫిర్యాదు చేసుకునే వీలు కల్పించింది కనుక, మా జిల్లా వినియోగదారుల కమిషనుకు వెళ్తాను.

బిల్లు నకలు, ఆర్డరు నాటి స్క్రీన్‌షాటు, లూప్ కింద తీసిన చిప్ ఫోటోలు, మన మధ్య నడిచిన ఈమెయిళ్లు ఈ లేఖతో జతపరిచాను. బోర్డులు మూడూ స్టిక్కరు ఉన్న అవే కవర్లలో కట్టి పెట్టాను. ఉదయం పది నుంచి రాత్రి తొమ్మిది వరకూ షాపు తెరిచే ఉంటుంది, కొరియరు మనిషి ఎప్పుడు వచ్చినా ఇచ్చి పంపుతాను.

ఇట్లు,
భవదీయుడు,
డీటీపీ సెంటరు నిర్వాహకుడు,
తిరుపతి.